మా అత్తమ్మ పియానో బాగైపోయింది

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగమని మీ అందరికీ తెలుసు కదా. అలాంటి మనిషిని మొన్న ఆదివారం చందానగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, హాలు నిండా జనం ముందు, ఒక్క తప్పు కూడా లేని పియానో పెట్టి పరువు పోగొట్టుకున్నాను. తప్పులు ఉండి తీరాల్సిన పియానో అది. అందులో ఒక్కటీ మిగల్లేదు. టీ తీసుకుని కూర్చోండి, మొదటినుంచీ చెప్తాను.

మా అత్తమ్మ పేరు సరోజ. లింగంపల్లి దగ్గర ఒక చిన్న బడిలో రిటైరయ్యేదాకా లెక్కల టీచరు. నాది తెనాలి వైపు, మా దగ్గర అత్తయ్య అంటాం. పెళ్ళయిన కొత్తలో అలాగే పిలిస్తే, అదేందో దూరపు చుట్టాన్ని పిలిచినట్టుందని ఆవిడే నాచేత అత్తమ్మ అనిపించింది. ఆ బడిలో ఒక పాత పియానో ఉండేదట. ఎవరో బంగళా ఖాళీ చేస్తూ, దాన్ని మోయించే ఓపిక లేక బడికి ఇచ్చేసి పోయారు. బడికేమో సంగీతం టీచరు లేదు. ఊరికే దుమ్ము పట్టిపోతోందని లెక్కల టీచరే దాని ముందు కూర్చుంది. నొటేషన్ రాదు, నేర్పేవాళ్ళు లేరు. చెవితో విని, వేళ్ళతో వెతుక్కుని బడి పాట ఒక్కటి నేర్చుకుంది. ఆ ఒక్క పాటనే సర్వీసంతా రోజూ పొద్దున ప్రార్థనకి వాయించింది.

ఆవిడ రిటైరయ్యాక బడివాళ్ళు ప్రార్థనకి స్పీకరు కొనుక్కుని, పియానోని పాత సామాన్ల వాడికి ఇచ్చేశారు. అమ్మ బాధపడుతోందని మా ఆయన రమేష్ ఒక మంచి కీబోర్డు కొని హాల్లో పెట్టాడు. అత్తమ్మ చీర కొంగు సర్దుకుని కూర్చుంది. పల్లవి చక్కగా వాయించింది. మొదటి చరణం చివరికి వచ్చి టక్కున ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. బాగుంది రా, మెల్లగా నేర్చుకుంటా అని కొడుకుతో చెప్పి, కీబోర్డు మీద పాత దుప్పటి కప్పేసింది. ఆ తర్వాత దాన్ని తీసింది లేదు.

నేను పట్టించుకోలేదు. అలవాటు పోయిందేమోలే అనుకున్నాను. కొన్నాళ్ళకి ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ పందొమ్మిదో ఎక్కం చెప్పుకోవడం విన్నాను. లెక్కల టీచరు కదా, సరదా అనుకున్నాను. తర్వాత పదిహేడోది. బట్టలు మడతపెడుతూ ఇరవై మూడోది. ఒకరోజు ఎక్కం మధ్యలో నా వైపు తిరిగి, తప్పుపోతే చెప్పు సుధా అంది. నాకు ఇరవై మూడో ఎక్కం వస్తే కదా చెప్పడానికి! ఊఁ, ఊఁ అంటూ తలూపాను. అప్పుడు చూశాను ఆవిడ మొహం. అందులో సరదా ఏమీ లేదు.

ఆవిడ అక్క ఒకావిడ ఉండేది. ఆఖరి రోజుల్లో సొంత పిల్లల్ని కూడా గుర్తుపట్టలేదు. అది తనకీ మొదలైందని అత్తమ్మ భయం. రమేష్ దవాఖానకి తీసుకెళ్తే డాక్టరు అన్నీ అడిగి, చూసి, ఏ ఇబ్బందీ లేదన్నాడు. ఆయనకి బడి పాట తెల్వదు కదా అని ఈవిడ నమ్మలేదు.

"సర్వీసంత వాయించిన పాట సుధా," అంది నాతో. "అదే చేతులకి రాకపాయె. ఇగ తలకాయల ఏం మిగిలినట్టు?"

 పక్కన కూర్చుని మిగిలిన చిక్కుడుకాయలు తుంచాను.

ఇప్పుడు మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. పియానో మూత తెరిచి, తీగల మధ్య స్క్రూలు, బోల్టులు, రబ్బరు ముక్కలు, కాగితాలు కావాలని దూర్చి వాయించే పద్ధతి ఒకటుంది. ప్రిపేర్డ్ పియానో అంటారు. బోల్టు దూర్చిన తీగ గంటలా మోగుతుంది, రబ్బరు దూర్చింది స్వరం పలకకుండా ఠక్కని మొద్దుగా కొడుతుంది. నిజం పియానోలో ఇవన్నీ దూర్చాలంటే ముందు పియానో ఉండాలి, తర్వాత దాని ఓనరు ఊళ్ళో ఉండకూడదు. అందుకని మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని మేము దాన్ని కంప్యూటర్లో చేస్తున్నాం. ఎక్కడో రికార్డు చేసి తెచ్చిన శబ్దాలు కావు. తీగ పొడవెంత, సుత్తి ఎంత మెత్తన, రబ్బరు ఎక్కడుంది అని సాఫ్ట్‌వేరే లెక్కగట్టి అప్పటికప్పుడు శబ్దం పుట్టిస్తుంది. వాడేవాళ్ళు చెయ్యాల్సిందల్లా తెరమీద తీగల బొమ్మ మీదికి ఓ స్క్రూనో రబ్బరునో మౌస్‌తో లాక్కొచ్చి వదలడమే.

ఒకరోజు ఇంటినుంచి పని చేస్తున్నాను. హెడ్‌ఫోన్లలో చార్జింగ్ లేదు, స్పీకర్ పెట్టేశాను. ఒక తీగకి రబ్బరు తగిలించి మీట నొక్కాను. ఠక్.

అత్తమ్మ బాల్కనీలోంచి సగం మడిచిన దిండు గలీబు పట్టుకుని పరుగున వచ్చేసింది. మళ్ళీ కొట్టమంది. కొట్టాను. ఠక్.

"ఇది మా బడి పియానో," అంది. "నీ కంప్యూటర్ల కెట్లొచ్చింది?"

అప్పుడు బయటపడింది అసలు కథ. ఆ పియానోని సరిచెయ్యడానికి ఎప్పుడో ఒకాయన వచ్చి, ఒక తీగ అపస్వరం పలుకుతోందని దాని నోరు మూయించడానికి రబ్బరు ముక్క ఇరికించి, మళ్ళీ వస్తనని వెళ్ళాడట. రానేలేదు. ఆ మీట నొక్కితే స్వరం పలకదు, ఠక్కంటుంది. ఇంకో చోట ఎవరో పిల్ల సైడ్‌పిన్ను లోపల పడి తీగల మధ్య ఇరుక్కుంది. అది జుయ్‌మని జోరీగలా మోగేది. మూత బందు ఊడి దాని బోల్టు ఒకటి కింది తీగల్లో దిగబడింది. అది గణ్‌మనేది. పెద్ద పెద్ద విద్వాంసులు కొలతలు తీసి మరీ దూర్చేవాటిని మా అత్తమ్మ బడిలో పిల్లలు తెలీకుండానే దూర్చేశారు. ఈవిడ పాట నేర్చుకున్నది ఆ పియానో మీద.

మెల్లగా నాకు వెలిగింది. మొదటి చరణం చివర ఉన్నది ఆ రబ్బరు మీట. అక్కడ ఆవిడ జన్మలో స్వరం వినలేదు, ఠక్ మాత్రమే విన్నది. ఆ ఠక్ వినపడగానే చెయ్యి తిప్పుకుని పల్లవిలోకి వచ్చేది. కొత్త కీబోర్డులో అక్కడ చక్కని స్వరం పలుకుతోంది. అది వినగానే తప్పు మీట నొక్కాననుకుని ఆవిడ చెయ్యి ఆగిపోతోంది. పాట మర్చిపోవడం కాదు ఇది. పాటలో కొంత భాగం పాత సామాన్ల వాడి బండెక్కి వెళ్ళిపోయింది. అది చెప్తే ఆవిడ నమ్మలేదు, నేను తన మనసు కుదుటపరచడానికి అంటున్నానని అనుకుంది. సరే, చేసి చూపిద్దాం అనుకున్నాను.

రోజూ సాయంత్రం ఆఫీసునుంచి రాగానే ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆవిడ కళ్ళు మూసుకుని వింటుంది. జర మొద్దుగ ఉండాలె అంటుంది, నేను రబ్బరు మందం పెంచుతా. గిట్ల కాదు, పిన్ను చివర్ల తగులుతుండె అంటుంది, నేను పిన్నుని కిందికి జరుపుతా. ఒకసారి బోల్టు గణ్‌మనడం సరిగ్గా కుదిరి, రమేష్ గుడి గంట అనుకుని టీవీ ముందే దణ్ణం పెట్టేశాడు.  మొత్తానికి ఒకరోజు పొద్దున కీబోర్డుని లాప్‌టాప్‌కి కలిపి, ఇక వాయించండి అత్తమ్మా అన్నాను. పల్లవి అయింది. చరణం అయింది. ఠక్. ఆవిడ చెయ్యి దానంతటది తిరిగింది. పాట మొత్తం, చివరి గణ్ దాకా, ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. రమేష్ మొహానికి సబ్బు నురగతో అలాగే బాత్‌రూం గుమ్మంలో నిలబడిపోయాడు. అత్తమ్మ మళ్ళీ మొదటినుంచి వాయించింది. ఆ రోజు మా ఇంట్లో ఎక్కాలు వినపడలేదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ పాత స్టూడెంటు పద్మ ఫోన్ చేసింది. పద్మ ఇప్పుడు గచ్చిబౌలిలో ఆఫీసు బస్సుల కాంట్రాక్టు నడుపుతుంది, డ్రైవర్లందరికీ ఆవిడంటే హడల్. పాత బ్యాచ్‌లన్నీ కలిసి చందానగర్‌లో భోజనాలు పెట్టుకున్నారట, టీచరు రావాలంది. ఒట్టిగా వచ్చి తిని పోవుడేంది, పాట వాయిస్త అని మా అత్తమ్మే అడక్కుండానే ఒప్పేసుకుంది. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. నీ పియానో నమ్ముకుని మాటిచ్చిన సుధా, అంది. మీరేం ఫికర్ చెయ్యకండి అత్తమ్మా అన్నాను నేను. ఆ ధీమా చూడండి నాకు!

ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఇన్ని పిన్నులూ బోల్టులూ తెరమీది తీగల్లో దూర్చేసరికి నా ఆఫీసు లాప్‌టాప్ మధ్యలో నత్తి కొట్టడం మొదలుపెట్టింది. హాల్లో అలా జరిగితే కష్టమని, ఆ పియానో ఫైలుని మా టీంలో మౌనికకి పంపించాను. మౌనిక డెవలపర్, సిద్దిపేట పిల్ల, బంగారం లాంటి మనిషి, పని ఇస్తే తిండి మానేసి చేస్తుంది. ఫైలు పేరేం పెట్టానో తెలుసా? సరోజ బ్రోకెన్ పియానో. కింద ఒక్క లైను మెసేజ్: ఇది కొంచెం చూడవా, ఇబ్బంది పెడుతోంది.

మా టీంలో ఒక పద్ధతి ఉంది. టెస్టర్లు కావాలని ఒక పియానోని నానా రకాలుగా పాడుచేసి, పేరులో బ్రోకెన్ అని పెట్టి డెవలపర్‌కి పంపిస్తారు. డెవలపర్ అందులోవన్నీ తీసేసి కొత్త పియానోలా చేసి ఇవ్వాలి. స్క్రూ తీసేశాక తీగ మళ్ళీ మామూలుగా పలుకుతోందో లేదో అలా చూస్తాం. ఈ పద్ధతి పెట్టిన మహాతల్లి ఎవరనుకుంటున్నారు? నేనే. ఈ పద్ధతి బాగుందని పోయిన అప్రైజల్లో పొగిడించుకున్నాను కూడా.

శనివారం సాయంత్రం మౌనిక జవాబు వచ్చింది. చానా ఖరాబుండె అక్కా, ఎవరు చేసిన్రు గిట్ల, మొత్తం సెట్ చేసిన అని. నేను అత్తమ్మ చీర ఇస్త్రీ చేయిస్తూ చూశాను. సెట్ చేసిన అన్న మాట చూసి మురిసిపోయి ఒక గుండె బొమ్మ పంపించాను. ఫైలుని హాలుకి పట్టుకెళ్ళే మా ఇంటి లాప్‌టాప్‌లోకి దించుకున్నాను. ఒక్కసారి తెరిచి వినాలి కదండీ? ఊరందరి సాఫ్ట్‌వేర్లూ టెస్ట్ చేసే దాన్ని. మన పిల్లే కదా చేసింది అని వదిలేశాను.

ఆదివారం. హాలు కిటకిటలాడుతోంది. జుట్టు నెరిసినవాళ్ళు, పొట్టలు వచ్చినవాళ్ళు, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు, అందరూ మా అత్తమ్మని చూడగానే చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. ఆవిడ ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలుస్తోంది. నీలం పట్టుచీరలో ఆవిడ మొహం వెలిగిపోతోంది. రమేష్ కీబోర్డు స్టాండు బిగించాడు, నేను వైర్లు కలిపాను. భోజనాల బల్లలు వెనకాల వేసేశారు, పప్పు వాసన వస్తోంది. అత్తమ్మ కూర్చుని, అందరికీ ఒకసారి నమస్కారం పెట్టి, వేళ్ళు మీటల మీద పెట్టింది.

మొదటి స్వరానికే నాకు తెలిసిపోయింది. అబ్బ, ఏం నాదం! తేనె. బడి పియానో పాత మోత లేదు.  కచేరీ హాల్లో పెట్టే కొత్త పియానో. అత్తమ్మ కొంచెం వాయించి ఆపేసి, మెల్లగా నా వైపు తిరిగింది. నేను లాప్‌టాప్ మీద పడ్డాను. తెరమీద తీగలన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్క రబ్బరు లేదు, ఒక్క పిన్ను లేదు. పాత ఫైలేమో ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు లాప్‌టాప్ ఇంట్లో సోఫా మీద.

మౌనికకి ఫోన్ చేశాను. వాళ్ళ చుట్టాల పెళ్ళిలో ఉంది, వెనకాల బ్యాండు దంచేస్తున్నారు. ఆ గోలలోనే ఎంతో ఆశగా, క్లీన్‌గ మోగుతుందా అక్కా అని అడిగింది. దాన్ని ఏమని తిట్టను? చాలా క్లీన్‌గా మోగుతోందమ్మా, నువ్వు భోంచెయ్యి అని పెట్టేశాను.

ఇక నేనే నిలబడి మళ్ళీ దూర్చడం మొదలుపెట్టాను. రబ్బరు లాగాను, పిన్ను లాగాను.  పక్కన రమేష్, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడు అంటున్నాడు. ఏ సమస్యకైనా మా ఆయన దగ్గర ఉన్న మందు అదొక్కటే. జనం ఓపిగ్గా చూస్తున్నారు. బోల్టు పెట్టబోయే తొందరలో 'అన్ని తీగలకూ' అన్న చోట టిక్ పడింది. నేను చూసుకోలేదు. ఇప్పుడు వాయించండి అత్తమ్మా అన్నాను.

ఆవిడ రెండు చేతులూ వేసింది. స్టీలు సామాన్ల కొట్లో అటక కూలితే ఎలా ఉంటుందో అలా వచ్చింది శబ్దం. ముందు వరుసలో ఒక పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. వెనకాల ఎవరో ఫక్కున నవ్వారు, ఆ తర్వాత హాలంతా నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది. కానీ ఆవిడ చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. అది నేనొక్కదాన్నే చూశాను.

వంగి, మన్నించండి అత్తమ్మా, ఇవాళ వద్దులెండి, అందరికీ నేను చెప్తాను అన్నాను. 

"అవన్నీ తీసెయ్ సుధా," అంది ఆవిడ, నాకు మాత్రమే వినపడేటట్టు. "ఉత్తదే వాయిస్త. ఆగితే ఆగిపోత. వీళ్ళు నా పిల్లలే గదా."

తీసేశాను. మళ్ళీ ఆ తేనె పియానో మిగిలింది. ఆవిడ మొదలుపెట్టింది. పల్లవి వచ్చింది, కొందరు గొంతు కలిపారు. చరణం మొదలైంది. నేను కీబోర్డు వెనకాల వైరు పట్టుకుని నిలబడ్డాను, ఆ వైరుతో పనేమీ లేదు, ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. చరణం చివరికి వచ్చింది. ఆవిడ వేలు ఆ మీట మీద పడింది. చక్కని స్వరం పలికింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

హాలు ఆగిపోయింది. ఆవిడ తన చేతి వైపే చూస్తోంది, అది తనది కానట్టు. ఇంతమంది ముందు, ఇన్నాళ్ళూ ఆవిడ దేనికి భయపడిందో అదే జరుగుతోంది, దాన్ని తెచ్చిపెట్టింది నేను. ఆవిడ నోట మళ్ళీ పందొమ్మిదో ఎక్కం మొదలవుతుందేమో అనిపించింది నాకు.

ఠక్.

వెనక వరుసలో పద్మ. కుర్చీ చెయ్యి మీద వేలి కణుపుతో కొట్టింది. ఏదో అలవాటుగా కొట్టేసినట్టుంది, తనే ఉలిక్కిపడి చుట్టూ చూసింది.

అత్తమ్మ తల ఎత్తింది. తల ఇంకా పద్మ వైపే ఉంది, చెయ్యి మాత్రం తిరిగి పల్లవిలోకి వచ్చేసింది. రెండో చరణంలో పిన్ను చోటు వచ్చేసరికి ఒక బట్టతలాయన పళ్ళ సందునుంచి జుయ్‌మన్నాడు. పక్కావిడ నవ్వాపుకుంటూ తనూ జుయ్‌మంది. చరణం చివర ఠక్, ఈసారి సగం హాలు. బల్లలు, కుర్చీలు, చెప్పుల కాళ్ళు. ఎవరూ ఎవరికీ సైగ చేసుకోలేదు. వాళ్ళూ ఆ పాటని ఆ పియానో మీదే విన్నారు కదా, రోజూ, చిన్నప్పుడంతా. వాళ్ళకీ పాటంటే ఠక్‌తో కలిపే. చివర్లో బోల్టు చోటు వస్తుంటే ఒకాయన భోజనాల బల్ల దగ్గరికి ఉరికి, స్టీలు పళ్ళెం ఎత్తి గరిటెతో గణ్‌మనిపించాడు. కేటరింగ్ అతను పిలుస్తున్నారనుకుని పప్పు బకెట్ పట్టుకుని స్టేజీ దాకా వచ్చేశాడు.

పాట అయిపోయింది. చప్పట్లు, ఈలలు. పద్మ ముందుకొచ్చి కళ్ళు తుడుచుకుంటూ, ఆ ఠక్ దగ్గర మేము కాళ్ళతో కొడితే మీరు మమ్మల్ని బెంచీ ఎక్కించేవారు కదా టీచర్ అని నవ్వింది. అత్తమ్మ పద్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను దగ్గరికి వెళ్తే ఇంకో చేత్తో నన్నూ పట్టుకుంది.

"నేను మర్చిపోలే బిడ్డా," అంది. "ఏదీ మర్చిపోలే."

నేను అక్కడే ఏడ్చేశాను. అంతమందిలో. పప్పు బకెట్ అతను తన భుజం మీది తువ్వాలు ఇవ్వబోయాడు, వద్దన్నాను.

ఇంటికి వస్తుంటే కార్లో దారంతా క్షమాపణలు చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, నీ మిషన్ మంచిగనే చేసినవ్ సుధా, గని దాంట్ల పిల్లలు లేరు అంది. నిజమే. స్క్రూ పెట్టాను, పిన్ను పెట్టాను, రబ్బరు మందం కూడా కొలిచాను. కానీ మౌనిక అవన్నీ తీసెయ్యకుండా ఉండి ఉంటే ఇవాళ ఆ పళ్ళెం ఎవరు మోగించేవారు? ఆ మాట మాత్రం నేను పైకి అనలేదు, అంత ధైర్యం ఇంకా రాలేదు.

సోమవారం మౌనికకి సంగతి తెలిసి వణికిపోయింది. పాపం, మధ్యాహ్నం కల్లా పాత ఫైలుని నత్తి లేకుండా చేసి ఇచ్చింది. ఈసారి ఆఫీసులోనే కూర్చుని చివరి గణ్ దాకా టెస్ట్ చేశాను. ఇంటికి రాగానే గర్వంగా లాప్‌టాప్ తెరిచి, ఇదిగో అత్తమ్మా మీ బడి పియానో, ఇక బెంగలేదు అన్నాను. ఆవిడ కీబోర్డు మీద దుప్పటి ఎప్పుడో తీసేసింది, మడిచి బీరువాలో కూడా పెట్టేసిందట. ఆ వైర్లు వద్దులే, ఇట్లనే మంచిగుంది అంది. మరి ఠక్ రాకపోతే చెయ్యి ఆగిపోతుంది కదా అన్నాను.

ఎందుకాగుతుంది, నువ్వున్నవు గదా అంది.

అదండీ సంగతి. ఇప్పుడు రోజూ పొద్దున ఆవిడ హాల్లో వాయిస్తుంది. నేను వంటింట్లో ఉప్మా కలుపుతూ చెవి అటు పెట్టి ఉంచాలి. చరణం చివరికి రాగానే గరిటెతో గట్టు మీద ఠక్‌మని కొట్టాలి. నిన్న పోపు మాడుతోందని అటు చూసి కొంచెం వెనకబడ్డాను. హాల్లోంచి పాట ఆగింది, మళ్ళ మొదటికెల్లి అని వినపడింది. ఇన్నేళ్ళు ఇంజనీరింగ్, టెస్టింగ్ అన్నీ చేసి చివరికి మా ఇంట్లో నాకు దొరికిన ఉద్యోగం ఆ రబ్బరు ముక్కది. అందులోనూ ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.